పేర్లు చెప్పలేదు

రాజ్యలక్ష్మి గారు నాకంటే ముందే వచ్చేశారు. జి. కొండూరులో పొద్దున్నే బయల్దేరి, రెండు బస్సులు మారి, మెయిన్ రోడ్డు నుంచి తోటదాకా ఎండలో నడిచి ఆవిడ వచ్చేస్తే, నూజివీడులోనే ఉండే నేను తోట మలుపు దగ్గర కారు ఆపుకుని, వెళ్ళాలా వద్దా అని ఇరవై నిమిషాలు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు కాయలు పోసే ఈ రేకుల షెడ్డులో బోర్లించిన ప్లాస్టిక్ ట్రే మీద కూర్చుని ఉన్నాను. యాభై అడుగుల దూరంలో పాక. లోపల వినోద్, ఆవిడ. తలుపు తీసే ఉంది గానీ ఇక్కణ్ణుంచి ఆవిడ విడిచిన చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి, అందులో ఒకటి తిరగబడి ఉంది. "ఇప్పుడు లోపలికెళ్ళొద్దండి మేడమ్ గారూ, ఆళ్ళని మాట్లాడుకోనీండి," అన్నాడు వినోద్ తండ్రి సాంబయ్య, అని కాయల కుప్ప దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్ళను. నాకేం హక్కుంది వెళ్ళడానికి. వినోద్ నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చేవాడు, శనివారాలు. రాజ్యలక్ష్మి గారి కొడుకు కిషోర్ బాబు, వినోద్ ఒకే ఏజెంటు మాట నమ్మి, గోడౌన్‌లో పని అనుకుని ఒకే విమానం ఎక్కారు. ఆ చలి దేశంలో దిగి, రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టి, ఇరవై రోజులు తిరిగేసరికి యూనిఫాం వేసుకుని యుద్ధంలో ఉన్నారు. ఏడు నెలలకి వినోద్ తిరిగొచ్చాడు. కిషోర్ రాలేదు. ఆచూకీ తెలియడం లేదని ఢిల్లీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆ యుద్ధం ఇంకా జరుగుతూనే ఉంది. కిషోర్ ఏమయ్యాడో ఈ జిల్లాలో తెలిసినవాళ్ళం ముగ్గురమే, వినోద్, నేను, మా సార్. మూడు రోజుల క్రితం వరకు.

ఒక నిమిషం నలభై సెకన్లు. ఆ క్లిప్ నిడివి అంతే. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, కళ్ళు మూసుకున్నా సార్ చొక్కా మీద గీతలు కనిపిస్తున్నాయి. సూర్యనారాయణ సార్, నాకు ఎం.ఎ.లోనూ, ఎం.ఫిల్.లోనూ గురువు, పదకొండేళ్ళుగా నేను ఏ కేసులో తడబడినా ఫోన్ చేసే మనిషి. 'యుద్ధకాలంలో మానసిక వైద్యుల వృత్తి ధర్మం' అని ఆన్‌లైన్లో ఉపన్యాసం ఇచ్చారు, రెండు వందల మంది విన్నారు, నేను వినలేదు, ఆ రోజు నాకు సెంటర్లో వేరే పని ఉంది. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, క్లాసులో ముఖ్యమైన మాట చెప్పేముందు ఆగినట్టే ఆగి అన్నారు, ఒక మామిడి తోట కూలీ కుర్రాడు, మన నూజివీడు పక్కనే, జి. కొండూరు నుంచి తనతోపాటు వచ్చిన స్నేహితుణ్ణి ఇంకా ఊపిరి ఉండగానే మంచులో వదిలేసి వచ్చాడు, రెండు రోజుల తర్వాత అదే దారిలో వెళ్తూ శవాన్ని చూశాడు, తల్లితో మాత్రం దారిలో విడిపోయాం అని చెప్పాడు, ఆ తల్లి అదే థెరపిస్ట్ దగ్గరికి వస్తోంది, ఇప్పుడు చెప్పండి, ఆ థెరపిస్ట్ ఏం చెయ్యాలి, చెప్పాలా, దాచాలా? అని చిన్నగా నవ్వారు. ఆ నవ్వు ఎవరి మీదా కాదని నాకు తెలుసు. మంచి ప్రశ్న దొరికిన మాస్టారి సంతోషం అది. ఆ ఉపన్యాసం విన్న నర్సింగ్ అమ్మాయి ఒకతిది జి. కొండూరు. ఆ ముక్క కత్తిరించి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఇది మన కిషోర్ గురించేనా, అని అడిగింది. పాపం ఆ అమ్మాయి అడిగిందంతే. రాజ్యలక్ష్మి గారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతారు. పప్పు కలుపుతుంటే తోటి వంటామె ఫోన్ చూపించిందట. రెండోసారి పెట్టించుకుని విన్నారట. తర్వాత పిల్లలందరికీ వడ్డించి, గిన్నెలు కూడా కడిగాక, బడి మెట్ల మీద కూర్చున్నారట.

నేను సార్‌కి ఫోన్ చేస్తే మూడోసారికి ఎత్తారు. "మనోజ్ఞా, నేను పేర్లు చెప్పలేదు కదమ్మా," అన్నారు, నేను ఇంకా ఏమీ అడగకముందే. అంటే అప్పటికే ఎవరో చెప్పి ఉండాలి, లేదా ఆ మాట ఆయనే తనకి చాలాసార్లు చెప్పుకుని ఉండాలి. "ఊళ్ళు చెప్పారు సార్." "రెండు మండలాలమ్మా. ఎన్ని వేలమంది ఉంటారు!" "యుద్ధానికి వెళ్ళినవాళ్ళు ఇద్దరే సార్." అటువైపు ఫ్యాను చప్పుడు. ఆ ఫ్యాను నాకు తెలుసు, ఆయన చదువుకునే గదిలో ఉంటుంది, దాని కింద కూర్చునే నేను థీసిస్ రాసుకున్నాను. "నీ నోట్స్‌లో ఊళ్ళు తీసెయ్యాల్సింది నువ్వు కదమ్మా," అన్నారు, ఎంతో మెత్తగా, నా బాగు కోరినట్టు. వీడియో తీయించేస్తాను, నువ్వు కంగారుపడకు, ఇలాంటివి రెండు వారాల్లో మర్చిపోతారు, అన్నారు. నా నోట్స్. అవును, నా నోట్స్. జనవరిలో వినోద్ అసలు సంగతి చెప్పిన రాత్రి నేను నిద్రపోలేదు. గురువారం గ్రూపులో ఎదురుగా కూర్చునే ఆవిడ కొడుకు గురించి శనివారం నాడు నాకు తెలిసిపోయింది, ఆవిడకి చెప్పకూడదు, చెప్పకుండా ఆవిడ ముఖం చూడలేను. సలహా కావాలి. నాలుగు పేజీలు టైప్ చేశాను. పేర్ల చోట అక్షరాలు పెట్టాను. ఊళ్ళు? ఊళ్ళు తీసేస్తే, రెండూ ఎంత దగ్గరో, ఇద్దరూ ఎప్పుడైనా మా సెంటర్ మెట్ల మీద ఎదురుపడేంత దగ్గరని సార్‌కి ఎలా అర్థమవుతుంది అనుకున్నానా? లేక అలసటలో మర్చిపోయానా? మూడు రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను, రెండు జవాబులూ నిజంగానే అనిపిస్తున్నాయి. ఇంకో నిజం కూడా ఉంది, సార్‌కి పంపేటప్పుడు తలుపు వేసిన గదిలోకి పంపుతున్నట్టే అనుకున్నాను. ఆయన సలహా మంచిదే. "నువ్వు చెప్పకు. వినోద్ చేతే చెప్పించు. తొందరపెట్టకు." అలాగే చేశాను. ఆ సలహా ఇచ్చిన మనిషే అది జరగక ముందు ఎలా చెప్పేశాడు?

సాంబయ్య స్టీలు గ్లాసుతో మజ్జిగ తెచ్చి నా పక్కన ఇంకో ట్రే మీద పెట్టాడు. కూర్చోలేదు, వెళ్ళనూ లేదు. చేతుల నిండా మామిడి సొన మచ్చలు, కొత్తవి, పాతవి. "మీ దగ్గరికొచ్చిన శనివారాలు రాత్రి కాస్త అన్నం తినేవోడండి," అన్నాడు, నా వైపు చూడకుండా. "అందుకే పని మాన్పించి మరీ పంపేవోణ్ణి. లోపల ఏం చెప్తున్నావురా అని ఒక్క రోజు అడగలేదు. చెప్పుకుంటే తగ్గుద్దని అనుకున్నా." అరచేతిలో సొన మచ్చ గోటితో గీకాడు. "నేను కన్నోణ్ణండి. నాతో అన్లేదు. ఊరందరితో పాటు ఫోన్లో ఇన్నాను." నేను ఏదో అనబోయాను, క్షమించండి అనబోయానేమో, అతను అప్పటికే కాయలు కోసే చిక్కం కర్ర తీసుకుని చెట్లలోకి నడిచాడు. ఈ తోటలో ఈ ఏడు టపాకాయలు కాల్చలేదు, నాకు తెలుసు, వినోద్ చెప్పాడు. కోతుల్ని తోలడానికి పక్క తోటల వాళ్ళందరూ కాలుస్తారు, వినోద్ వచ్చిన కొత్తలో మొదటి టపాకాయ పేలగానే గట్టు కింద కాలవలో బోర్లా పడుకున్నాడట, తండ్రి వెళ్ళి లేపితే తండ్రి నోరు చేత్తో మూశాడట. అప్పట్నుంచి సాంబయ్య రేకు డబ్బా కొడుతూ రోజంతా తోటలో తిరుగుతున్నాడు, కోతులు దానికి భయపడడం మానేశాయి, సగం చెట్ల కింద కొరికి పారేసిన చిన్నరసాలే. ఇవన్నీ కూడా నా నోట్స్‌లో ఉన్నాయి. కాలవ, బోర్లా పడుకోవడం, తండ్రి నోరు. ఇవి ఏ క్లాసులో ఎప్పుడు వస్తాయో. కుప్ప దగ్గర కాయలు ఏరుతున్న ఇద్దరాడవాళ్ళు నా వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. ఆ వీడియోలో ఉన్న 'థెరపిస్ట్' ఈవిడే అని వాళ్ళకి తెలుసు. నేను కూడా ఒక పాత్రనే అందులో, పేరు చెప్పని పాత్ర.

గురువారాలు. నూజివీడులో హార్డ్‌వేర్ షాపు పైన మా సెంటర్ గది, కిటికీలోంచి ఇనప సామాన్ల చప్పుడు. గ్రూపులో ఆరేడుగురు, గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ళ తాలూకు వాళ్ళు, ఏజెంట్ల చేతిలో మోసపోయినవాళ్ళు, వాళ్ళల్లో రాజ్యలక్ష్మి గారు ఎప్పుడూ కిటికీ పక్క కుర్చీ. ఫోన్ తీసి కొడుక్కి పంపిన మెసేజీలు చూపించేవారు, ఒక్కొక్క దాని పక్కనా ఒక్కటే టిక్కు. "రెండోది పడితే వాడు ఫోన్ ఆన్ చేసినట్టే గదమ్మా," అనేవారు. ఫిబ్రవరిలో ఒక రోజు వాడికి మైలవరం నుంచి ఒక సంబంధం వచ్చిందని, పిల్ల టైలరింగ్ చేస్తుందని, వాడు వచ్చేదాకా ఆగమని చెప్పానని చెప్పి, సిగ్గుపడుతూ నవ్వారు. నేనాగమన్నది సబబేనా అన్నట్టు నా ముఖం చూశారు. నేను ఏమన్నాను? "వాళ్ళు ఆగుతామన్నప్పుడు మీకెలా అనిపించింది?" అన్నాను. పుస్తకంలో ఉన్న ప్రశ్న. తప్పు లేని ప్రశ్న. అబద్ధం చెప్పకుండా, నిజమూ చెప్పకుండా బయటపడటానికి పనికొచ్చే ప్రశ్న. ఆ రోజు ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది, పసుపు, కారం వాసన ఆరని చెయ్యి. ఆవిడని ఇంకో కౌన్సెలర్ దగ్గరికి పంపించి ఉండాల్సింది. జనవరిలోనే. ఇద్దర్నీ నేనే చూడకూడదు. కానీ ఆవిణ్ణి పంపించాలంటే కారణం చెప్పాలి, ఏ కారణం చెప్పినా ఆవిడ వాసన పట్టేస్తారు, పైగా ఈ చుట్టుపక్కల ఇంకో కౌన్సెలర్ ఎక్కడున్నారు, విజయవాడ దాకా ఆవిడ వెళ్తారా, అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంకొంచెం రోజులే గదా అనుకున్నాను. మొదటి కోత అవ్వగానే ఒక బుట్ట చిన్నరసాలు తీసుకుని జి. కొండూరు వెళ్ళి తనే చెప్తానన్నాడు వినోద్. ఆరు శనివారాలు సాధన చేశాం. ఖాళీ కుర్చీ ఎదురుగా పెట్టి, రాజ్యలక్ష్మి గారు అందులో ఉన్నారనుకోమనేదాన్ని. "పిన్నీ" అని మొదలెట్టేవాడు. మొదటి శనివారం ఆ మాట దాటలేదు. రెండోసారి "పిన్నీ, ఆ రోజు" దాకా వచ్చాడు. పోయిన శనివారం చివరిదాకా చెప్పాడు, చెప్పి, కుర్చీ వైపు చూసి దణ్ణం పెట్టాడు. తర్వాత మంచినీళ్ళు తాగి, "వచ్చే ఆదివారం వెళ్తానండి," అన్నాడు. సార్ ఉపన్యాసం మంగళవారం.

మొట్టమొదటి రోజు వినోద్‌కి నేనిచ్చిన మాట, ఈ గదిలో చెప్పింది ఈ గది దాటదు. అలా అనకూడదని కూడా నాకు సారే నేర్పారు. ఎంతవరకు దాచగలమో, ఎక్కడ దాచలేమో, ఎవరి సలహా తీసుకుంటామో ముందే చెప్పాలి, చెప్పి ఒప్పించుకోవాలి. కానీ ఆ రోజు ఆ కుర్రాడు తలుపు పక్కనే నిలబడి, గోడకి వీపు ఆనించి, కూర్చోవడానికే భయపడుతుంటే నియమాలన్నీ చదివి వినిపించలేకపోయాను. పెద్ద మాట ఇచ్చేశాను. నా దగ్గర లేనిది ఇచ్చాను. సార్ అయితే ఇచ్చేవారు కాదు. సార్ ఎం.ఎ. క్లాసులో చెప్పేవారు, ఒకసారి ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న ఒకాయన పెళ్ళికి వేరే బంధువుల తరఫున వెళ్ళాల్సి వచ్చిందట, పెళ్ళికొడుకు ఆయన్ని చూసి తెల్లబోతే, సార్ తనే ముందుకు వెళ్ళి, మనం ఇంతకుముందు కలవలేదనుకుంటానండీ, అని పరిచయం చేసుకున్నారట. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ కథ విన్న రోజే నేను ఈ వృత్తి ఎంచుకున్నాను. ఇప్పుడు, ఈ ట్రే మీద కూర్చుని, మజ్జిగ ముట్టకుండా, మొదటిసారి తడుతోంది, ఆ పెళ్ళికొడుకు సంగతి మాకు ఎందుకు చెప్పారు? ఆ ఊరు ఏదో కూడా చెప్పారు. ఉంగుటూరు. నాకింకా గుర్తుంది. ఉంగుటూరులో ఆ ఏడాది జరిగిన పెళ్ళిళ్ళు ఎన్ని ఉంటాయి? మేం అరవై మంది చప్పట్లు కొట్టాం. ఇంకొకటి. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది నా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి ప్రాణం తీసుకుంది. మూడు నెలలు ఆ గదిలోకి వెళ్ళలేకపోయాను. మా అమ్మకి కూడా చెప్పలేదు, సార్ ఒక్కరికే చెప్పాను, ఆ ఫ్యాను కింద కూర్చుని, ముక్కు తుడుచుకుంటూ. కిందటేడు విశాఖలో ఒక సదస్సులో ఎవరో చిన్నమ్మాయి, సార్ దగ్గర చదువుతోందట, నా చెయ్యి పట్టుకుని, "మేడమ్, అంత జరిగాక మళ్ళీ ఎలా మొదలెట్టగలిగారు?" అని అడిగింది. దేని గురించి అడుగుతోందో అర్థం కాలేదు, ఏదో ఉద్యోగం మారడం గురించి అనుకుని జవాబు చెప్పాను. ఇప్పుడు అర్థమైంది. నా ఏడుపు కూడా ఒక పాఠం అయిపోయింది, పేరు లేకుండా, బహుశా ఊరితో సహా.

చెప్పుల చప్పుడు. తలెత్తితే రాజ్యలక్ష్మి గారు షెడ్డు ముందు నిలబడి ఉన్నారు. ఏడ్చిన ముఖం, కానీ ఇప్పుడు ఏడవడం లేదు. లేచి నిలబడ్డాను. "మీకు జనవరి నుంచి తెలుసంటగా," అన్నారు. అరవలేదు.

"తెలుసండి."

"మైలవరం సంబంధం మాట మీతో చెప్పినప్పుడు కూడా తెలుసు."

"తెలుసండి."

"నా చెయ్యి పట్టుకున్నారు," అన్నారు. వినోద్ రహస్యం నాది కాదు, నేను చెప్పకూడదు, అది నా ధర్మం, అనే వాక్యాలు నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి, అన్నీ నిజమే. కానీ ఆవిడకి అవెందుకు? ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని దారి పట్టారు.

వినోద్ పాక బయట నీళ్ళ డ్రమ్ము దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. నేను దగ్గరికి వెళ్ళినా తిరగలేదు. చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత, "ఆదివారం నేనే ఎళ్ళేవోణ్ణి మేడమ్," అన్నాడు.

"తెలుసు."

"నా అంతట నేను ఎళ్ళి చెప్పటం ఏరు. ఆవిడొచ్చి, నిజమేనా బాబూ అని అడిగితే చెప్పటం ఏరు." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ సార్ గారికి నా గురించి ఎలా తెలిసిందండి? ఎవరన్నా మీ సెంటర్లో కంప్యూటర్ చూశారా?"

అతను నాకు ఒక దారి ఇచ్చాడు. తెలియక ఇచ్చాడు. ఆ దారిలో వెళ్ళిపోవచ్చు, ఎవరో చూశారు, విచారిస్తున్నాం. సార్ ఎన్నటికీ కాదనరు. "నేనే పంపాను," అన్నాను. "సలహా కోసం పంపాను. పంపేముందు మిమ్మల్ని అడగాలి, అడగలేదు. ఊళ్ళ పేర్లు తీసెయ్యాలి, తియ్యలేదు. ఈ గది దాటదని మీకు మాటిచ్చి నేనే దాటించాను. ఆయన చేసింది తప్పు. దానికంటే ముందు నాది."

తువ్వాలు డ్రమ్ము అంచున పెట్టాడు. అతని కళ్ళల్లో నాకు అలవాటైన భయం లేదు. నేను వినోద్‌ని ఇంతకుముందు కోపంగా చూడలేదని అప్పుడే తెలిసింది. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు గదండీ."

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పారు?" అని, అక్కర్లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "ఆ ఏజెంటు ఇప్పటిదాకా ఒప్పుకోలేదండి," అన్నాడు, నాతో కాదు, డ్రమ్ములో నీళ్ళతో అన్నట్టు. సార్ మీదా, నా మీదా మా వృత్తిని చూసే కౌన్సిల్‌కి ఫిర్యాదు రాస్తున్నాను, అందులో మీ సంగతి ఎంత ఉండాలో, అసలు ఉండాలో వద్దో మీరు చెప్పినట్టే, అన్నాను. "నా పేరు, మా ఊరు, కిషోర్‌ది, పిన్నిది, ఏదీ వద్దు," అన్నాడు. "సరే." "రాశాక నాకు చదివి ఇనిపించండి. ఫోన్లో కాదు, ఇక్కడికొచ్చి." అంటే ఇంకోసారి రావచ్చు, అనుకునేలోపే, "శనివారాలు మాత్రం రానండి," అన్నాడు. విజయవాడలో నాకు తెలిసిన ఒకామె ఉంది, నాకంటే అనుభవం ఉన్నామె, ఈ సంగతులేవీ నేను ఆమెకి చెప్పను, మీరు చెప్పుకుంటేనే, అని నంబరు రాసి ఇచ్చాను. చదవకుండా మడిచి జేబులో పెట్టుకుని, తండ్రి రేకు డబ్బా మోగుతున్న వైపు వెళ్ళాడు. చెట్ల మధ్యకి వెళ్ళాక డబ్బా చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది, కానీ కొట్టే చెయ్యి మారింది, దెబ్బలు దగ్గరగా, గట్టిగా పడుతున్నాయి.

మెయిన్ రోడ్డు మీద రాజ్యలక్ష్మి గారు ఆటో కోసం నిలబడి ఉన్నారు. దాటి వెళ్ళిపోలేక కారు ఆపి, వెనక తలుపు తీశాను, మాట్లాడమని అడగనండి, మైలవరంలో దింపుతాను, అన్నాను. చాలాసేపు చూశారు. ఎండ బాగా ఉంది, ఆటోలు లేవు. ఎక్కారు. అద్దంలో చూడకుండా నడిపాను. రెండు పక్కలా తోటలు, కాయల లారీలు, తాళం వేసిన ఒక కొనుగోలు షెడ్డు. ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. వారం రోజుల కింద అయితే ఈ మౌనాన్ని నేను ఒక ప్రశ్నతో నింపి ఉండేదాన్ని, మీకెలా అనిపిస్తోంది అని.

మైలవరం ఇంకో ఐదారు కిలోమీటర్లు ఉందనగా ఆవిడే అన్నారు. "వాడు నీళ్ళడిగాడంట. సీసాలో నీళ్ళు గడ్డకట్టినై అంట. ఈ పిల్లాడు చొక్కాలో పెట్టుకుని, ఒంటికి ఆనించి కరిగించి పట్టాడంట. రెండు గుక్కలు తాగాడంట." కొంగు సర్దుకుని, "చీకటి పడేదాకా పక్కనే కూచున్నాడంట. ఆ వీడియోలో ఆ సంగతి లేదు," అన్నారు.

ఆ వీడియోలో లేదు, ఎందుకంటే నేను పంపిన నాలుగు పేజీల్లో లేదు. నా నోట్స్‌లోనూ లేదు. ఇన్ని శనివారాల్లో, ఖాళీ కుర్చీతో మాట్లాడిన రోజుల్లో కూడా, వినోద్ నాతో ఆ మాట అనలేదు. ఆవిడకే చెప్పాలని ఉంచుకున్నాడు. రోడ్డు మీద చూపు నిలిపి, గేరు మార్చాను. ఇంకా ఏం చెప్పాడని అడగలేదు.